ఎడమ రెక్క అంచు

పెళ్లిళ్ల రోజుల్లో ఆ సందులో అందరికన్నా ముందు లేచేది వినోద దుకాణం షట్టరే. వరంగల్ స్టేషన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగితే కనిపిస్తుంది. చీరలకు రోలింగ్, పాలిష్ చేస్తుంది. లోపల రెండు పొడవాటి రూళ్లు తిరుగుతుంటాయి. నలిగిన పట్టుచీర వాటి నడుమ ఒక పక్క నుంచి పోయి ఇంకో పక్క నుంచి కొత్తదై వస్తుంది. అంచు వంకరపోకుండా రెండు చేతులతో పట్టుకోవడమే వినోద పని. తక్కినది యంత్రం చూసుకుంటుంది. నడివయసు మనిషి. పొడుగు చేతులు. మాట తక్కువ.

పక్క దుకాణం మజర్‌ది. వారమంతా సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు, ఆదివారం విమానాలు ఎగరేస్తాడు. తేలికైన బాల్సా చెక్కతో చేసిన చిన్న విమానాలు. బారెడు వెడల్పు ఉంటాయి, రిమోట్‌తో నడుస్తాయి. చెక్క చట్రం మీద పల్చటి రంగు ఫిలిం పరిచి ఇస్త్రీపెట్టెతో అంటించాలి. వేడి సరిపోతే ఫిలిం డప్పు తోలులా బిగుసుకుంటుంది. ఎక్కువైతే చిల్లు పడుతుంది. మజర్ చేతిలో ఎప్పుడూ చిల్లే పడేది. కొన్నేళ్ల కింద ఒకరోజు విసిగిపోయి రెక్కను తెచ్చి వినోద బల్ల మీద పడేశాడు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. చీర మడత విప్పినట్టు ఫిలిం విప్పింది. సాయంత్రానికి రెక్క మీద ముడత లేదు, బుడగ లేదు.

ఆ తర్వాత కాజీపేట నుంచి, హనుమకొండ నుంచి కూడా రెక్కలు వచ్చాయి. ఆదివారాల బృందంలో ఆమె చేతి మీదుగా పోని విమానం లేదు. ఇస్త్రీ అక్క అని పేరు పెట్టారు. రెక్కలు తీసుకుపోయినవాళ్లే కొన్నాళ్లకు ముక్కలు పట్టుకొచ్చి, ఎట్లా కూలిందో కథలు కథలుగా చెప్పేవాళ్లు. వినోద వింటూ పని చేసేది. ఆమె తీర్చిన చీరలు పెళ్లిళ్లకు పోయాయి. ఆమె తీర్చిన రెక్కలు ఆకాశానికి పోయాయి. ఆమె దుకాణంలోనే ఉంది.

ఒక ఆదివారం చూడటానికి వెళ్లింది. తాను రాణి రంగు వేసిన రెక్క తలమీద ఒరిగి, ఎండను ఒకసారి పట్టుకుని, వదిలేసి, అవతలికి తిరిగింది. ఆమె మెడ నొప్పెట్టేదాకా చూసింది. తిరిగి వచ్చేటప్పుడు తనకూ ఒకటి చేసుకుంటానని మజర్‌తో అంది.

"ఎందుకక్కా, మేం కూలగొట్టేటియి సాలవా?" అన్నాడు మజర్.

వినోద నవ్వలేదు. వానకాలమంతా, చలికాలమంతా, చీరలు లేని మధ్యాహ్నాల్లో చెక్క కోసింది, అతికించింది. పైన రాణి రంగు వేసింది, కింద పసుపు. ఎగిరేటప్పుడు ఏ పక్క కనిపిస్తున్నదో తెలియాలి కదా. బృందంలో వాళ్లు దాన్ని పెండ్లికూతురు అన్నారు. అననీ అనుకుంది.

ఎగరేయడం నేర్పేది రాంప్రసాద్ సారు. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాడు. ఆయనకొక పద్ధతి ఉంది. నేర్చుకునే మనిషి రిమోట్‌కూ ఆయన రిమోట్‌కూ నడుమ ఒక వైరు ఉంటుంది. విమానం దారి తప్పితే ఆయన తన మీట నొక్కుతాడు. ఆ క్షణం నుంచి అది ఆయన చేతిలో ఉంటుంది. ఆయన మీట నొక్కే పని పెట్టకుండా ఒకసారి లేపి, తిప్పి, దించినవాళ్లకే వైరు తీస్తాడు. వైరు తీసిన తర్వాత ఎగరేసిందే ఎగరేసినట్టు. అంతదాకా ఎగిరింది సారు విమానమే.

వినోదకు కావలసింది అదొక్కటే. వైరు లేకుండా ఒక్కసారి.

అందుకు జాగా కావాలి. ఇదివరకు ఎగరేసిన బీడులో ప్లాట్లు పడ్డాయి, హద్దురాళ్లు లేచాయి. ఈ ఏడు నర్సంపేట దారిలో ఒక చెరువు దొరికింది. తూము మరమ్మతు కోసం దాన్ని ఎండబెట్టారు. అడుగున ఉన్న నల్లటి పూడిక మట్టిని రైతులు ట్రాక్టర్లలో పత్తి చేలకు తోలుకున్నారు. తోలగా మిగిలిన నేల చదునుగా, గట్టిగా ఉంది. ఎండాకాలమంతా విమానాలు అక్కడే దిగాయి. ఇప్పుడు మరమ్మతు అయిపోయింది. ఇంకో ఆదివారం గడవగానే, సోమవారం కాలువ నీళ్లు వదులుతారని, ఇక మీదట ఎండాకాలంలో కూడా చెరువు నిండుగానే ఉంచుతారని కట్ట మీద చేపలు పట్టేవాళ్లు చెప్పారు. వాళ్లకు సంతోషం. రైతులకు సంతోషం. విమానాలకు మాత్రం మళ్లీ నేల దొరికేదాకా లేదు. అది ఎప్పుడో ఎవరికీ తెలియదు.

ఆ మాట విన్న రోజే వినోద విమానం ఎడమకు లాగడం మొదలుపెట్టింది.

పోయిన వారం దాకా తిన్నగానే పోయింది. ఆ పొద్దున నేల విడవగానే ఎడమ రెక్క కిందికి వాలింది. ఆమె రిమోట్ మీది పుల్లను కుడికి పట్టుకుంది. వదిలితే మళ్లీ ఎడమకే. రిమోట్ మీద ట్రిమ్ అని చిన్న మీట ఉంటుంది. దాన్ని కుడికి జరిపితే, చేత్తో పట్టుకోకుండానే రిమోటు ఆ కాస్త కుడిని పట్టుకుని ఉంటుంది. పక్కనున్న సారుకు చెప్పకుండా ఆమె దాన్ని కుడికి జరుపుకుంటూ పోయింది. విమానం తిన్నగా అయింది. ఆమెకు ప్రాణం లేచి వచ్చింది. ఒక చుట్టు తిరిగింది. ఇంకో చుట్టు. దించడానికి వేగం తగ్గించింది. నేల దగ్గరపడింది. అప్పుడు, ఎవరో కింద నుంచి లాగినట్టు, ఎడమ రెక్క ఒక్కసారిగా పడిపోయింది.

రాంప్రసాద్ మీట నొక్కాడు. మోటారు గోల పెట్టింది. విమానం గడ్డిపోచలను రాసుకుంటూ లేచి, కట్ట మీదుగా తిరిగి, ఆయన నడపగా నేలకు దిగింది.

ఆయన ఆమె రిమోట్ తీసుకుని ట్రిమ్ ఎంత జరిగి ఉందో చూశాడు. తర్వాత విమానాన్ని ఎత్తి, ఎడమ రెక్క కొసను కంటికి దగ్గరగా పెట్టుకుని, రెక్క పొడవునా చూశాడు. ఆమె చేతికిచ్చి చూడమన్నాడు.

రెక్క వెనక వైపు ఒక సన్నటి చెక్క పట్టీ ఉంటుంది. కీళ్ల మీద తలుపులా పైకీ కిందికీ ఆడుతుంది. అది ఆడితేనే విమానం ఒరుగుతుంది. బృందంలో దాన్ని ఎలిరాన్ అంటారు. వినోద మొదటినుంచీ అంచు అనే అంటుంది. ఆ అంచు లోపలి కొస దగ్గర తిన్నగానే ఉంది. బయటి కొసకు వచ్చేసరికి ఎండుతున్న ఆకులా పైకి మెలి తిరిగింది.

"గోళి ఏసి జరం తగ్గించినవు వినోదా. జరం ఎందుకొచ్చిందో చూడలే" అన్నాడు రాంప్రసాద్. వేగంగా పోయేటప్పుడు ట్రిమ్ ఆ వంకరను కప్పిపుచ్చగలదని, వేగం తగ్గితే కప్పలేదని వివరంగా చెప్పాడు. హైదరాబాద్ నుంచి కొత్త బాల్సా తెప్పించి కొత్త అంచు చేద్దామన్నాడు. అది వచ్చేసరికి ఆదివారం దాటిపోతుందని ఆయనకూ తెలుసు. తెలిసే అన్నాడు.

"దీన్నే సక్క జేస్తే?" అని అడిగింది వినోద.

"సక్కగుంటే ఎగరేస్తవు. ఏ మాత్రం వంకర ఉన్నా నేను వైరు తియ్య."

ఇంటికి వస్తూ దారి పొడవునా ఆమె ఆ అంచునే చూస్తూ కూర్చుంది. మజర్ మాత్రం, పెండ్లికూతురు అలిగిందని, పుట్టింటి వైపు మొగ్గుతున్నదని ఏదో ఒకటి అంటూనే ఉన్నాడు.

వంకర తీయడం ఆమెకు రాని పని కాదు. కనీసం అట్లా అనుకుంది. మర్నాడు దుకాణంలో విమానాన్ని బల్ల మీద బోర్లించి, మెలి తిరిగిన అంచును అవతలి వైపుకు మెలి తిప్పి పట్టుకుని, ఫిలిం మీద ఇస్త్రీపెట్టె నడిపించింది. వేడికి ఫిలిం కుంచించుకుని చెక్కను తన వైపు లాక్కుంది. చల్లారేదాకా చెయ్యి వదల్లేదు. వదిలాక చూస్తే అంచు తిన్నగా ఉంది. మజర్‌ను పిలిచి చూపించింది. అతను ఒక కన్ను మూసి చూసి, సారుకు ఫోన్ చేద్దామా అన్నాడు. రేపు చేద్దాం లే అంది.

పొద్దున లేచి చూసేసరికి అంచు మళ్లీ మెలి తిరిగి ఉంది. నిన్నటికన్నా కాస్త ఎక్కువే అనిపించింది.

విమానం ఉండేది ఇంట్లో ముందు గదిలో. దుకాణానికి రేకుల కప్పు. వేడికి ఫిలిం వదులవుతుందని సారు ఎప్పుడో చెప్పాడు. అందుకని ఎండలు ముదరగానే విమానాన్ని ఇంటికి తెచ్చి, ముందు గదిలో దూలానికి రెండు తాళ్లు కట్టి వేలాడదీసింది. ఆ గదిలో కూలర్ ఉంది. పగలూ రాత్రీ తడి గాలి కొడుతూనే ఉంటుంది. చల్లగా ఉంటే విమానానికి మంచిదనుకుంది. గాలి బాగా తగలాలని తాళ్లను కూలర్ పక్కకు జరిపింది కూడా. ఇంతకుముందు ఆ జాగాలో ఆమె అత్త భద్రమ్మ మంచం ఉండేది.

"నాకు ఉక్కపోస్తే ఓర్సుకోవాలె. దాని ఇమానానికైతే కూలర్ గావాలె" అని భద్రమ్మ వచ్చిపోయినవాళ్లందరికీ చెప్పింది. కోపంతో కాదు. చెప్పుకోవడానికి ఆమెకు అంతకన్నా మంచి సంగతి ఆ వేసవిలో దొరకలేదు.

ఆ పొద్దున వినోద తాళ్ల కింద నిలబడి చాలాసేపు చూసింది. కుడి రెక్క గోడ వైపు ఉంది. ఎడమ రెక్క కూలర్ వైపు ఉంది. కూలర్ పక్కనే గోడకు బట్టల షాపు వాళ్ల క్యాలెండర్ వేలాడుతున్నది. దాని కింది మూల పైకి చుట్టుకుని ఉంది. ఆమె దాన్ని వేలితో తిన్నగా చేసింది. వదిలింది. అది మెల్లగా మళ్లీ చుట్టుకుంది.

ఆమె విమానాన్ని దింపి, అంచు బయటి కొసను వెలుతురుకు పట్టి చూసింది. కొస మీద ఫిలిం లేదు. అగ్గిపుల్ల మందం ఉండే చిన్న ముఖం. ఊరందరి రెక్కలకూ ఆ కొసలు మూసి ఇచ్చింది. తన దాని దగ్గరికి వచ్చేసరికి పెళ్లిళ్లు తరుముకొచ్చాయి, తర్వాత చూద్దాం లే అనుకుంది. ఆ తెరిచిన కొసలోంచి చెక్క ఇన్నాళ్లూ కూలర్ గాలి తాగింది. బాగుచేశానని సంతోషపడి నిన్న రాత్రి మళ్లీ తెచ్చి అక్కడే వేలాడదీసింది.

కూలర్ బందు చేసింది. మంచంలోంచి భద్రమ్మ ఏందే అని అడిగింది. విమానాన్ని లోపలి గదికి మార్చి కూలర్ మళ్లీ వేసింది. మంచాన్ని కూడా పాత జాగాకు జరిపింది. భద్రమ్మ ఆ మధ్యాహ్నం దాకా లేవలేదు. చల్లగా పడుకుంది.

వినోద సారుకు ఫోన్ చేసింది. చెప్పడానికి కష్టమైంది, అయినా ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన, ఇరవై ఏళ్ల కింద తాను ఒక రెక్కను తడి గోడకు ఆనించి ఊరికి పోయిన సంగతి చెప్పాడు. చెక్క ఏ పక్క నీళ్లు తాగితే ఆ పక్క ఉబ్బుతుంది. ఉబ్బిన పక్క పొడుగవుతుంది. పొడుగైన పక్క నుంచి పొట్టి పక్కకు వంగుతుంది. ఇందులో ఫిలిం చేసేదేమీ లేదు. లోపలి చెక్కకే మెలిక పడింది కాబట్టి చెక్కనే మార్చాలి. ఎట్లా మార్చాలన్నది మాత్రం ఆయన చెప్పలేకపోయాడు. ఆయన అప్పుడు ఆ రెక్కను పారేశాడట.

ఆ రోజు వచ్చిన చీరలను పక్కన పెట్టింది. కీళ్ల దగ్గర బ్లేడుతో కోసి అంచును రెక్క నుంచి వేరు చేసింది. ఫిలిం పీకేసింది. రంగు పోయాక అది చేతిలో గడ్డిపరకంత బరువు కూడా లేదు. పాల మీగడ రంగు. కౌంటరు అద్దం మీద పెట్టి ఒక మూల వేలితో నొక్కితే, ఎదుటి మూల లేచి అద్దానికి టక్కుమని కొట్టింది. అది వంకర చప్పుడు. ఆ చప్పుడు పోవాలి.

తడి స్పాంజి కోసం చెయ్యి అలవాటుగా గంజి గిన్నెలోకే పోయింది. ఆగింది. మంచినీళ్లు తెచ్చి, లోపలికి వంగిన పక్కన మాత్రం అద్దింది. చెక్క నీళ్లు తాగి మెత్తబడింది. ఇక దాన్ని అవతలి వైపుకు మెలితిప్పి, ఆ మెలికలోనే ఆరనివ్వాలి.

ఎంత మెలితిప్పాలి? అక్కడ ఆమెకు తన పని గుర్తొచ్చింది. పట్టుచీర అంచు ఒక పక్కకు పీక్కుపోతే, తిన్నగా వచ్చేదాకా లాగితే చాలదు. రెండో పక్కకు కాస్త ఎక్కువగా లాగి పట్టుకోవాలి. వదిలాక అది వెనక్కి వస్తుంది, వచ్చి మధ్యలో ఆగుతుంది. ఆ కాస్త ఎంతో ఎవరూ చెప్పలేరు. బట్టకు బట్టకూ మారుతుంది. చెక్కకు ఎంతో ఆమెకు తెలియదు.

పైగా అది ఆరేటప్పుడు రెండు పక్కలా ఒకేలా ఆరాలి. బండ మీద పెట్టి బరువు పెడితే కింది పక్క తడిగానే ఉండిపోతుంది. మేడ మీద ఎండలో పెడితే పై పక్క ముందే ఎండిపోతుంది. ఒక పక్కకే గాలి తగిలితే ఏమవుతుందో ఇప్పుడు ఆమెకు బాగా తెలుసు. చీరలు ఆరేసే స్టాండుకు ఒక కొసను క్లిప్పులతో బిగించింది. అంచు గాల్లోకి అడ్డంగా నిలబడింది. బయటి కొసకు ఒక స్కేలును అడ్డంగా క్లిప్పు పెట్టింది. ఇక ఆ స్కేలును కిందికి లాగి ఉంచేదేదైనా కావాలి. బరువుగా ఉండాలి. రాత్రంతా కదలకుండా ఉండాలి. చుట్టూ చూసింది. కత్తెర పెడితే చాలలేదు. ఇస్త్రీపెట్టె పెడితే విరిగిపోతుంది. షట్టరుకు వేసే పెద్ద ఇత్తడి తాళం బల్ల మీద ఉంది.

తాళాన్ని స్కేలు కొసకు తగిలించింది. అంచు మెలి తిరిగింది. తిరుగుతూ కిర్రుమంది.  తాళాన్ని అరచేతిలో మోస్తూ స్కేలు మీద లోపలికి జరిపింది. ఇంకాస్త. చప్పుడు ఆగింది. మెలిక ఉంది, మూలుగు లేదు. అక్కడ చెయ్యి తీసింది.

అప్పుడు గానీ షట్టరుకు తాళం లేదని గుర్తు రాలేదు. లోపలేమో జనం పెళ్లిచీరలు. బజారులో ఇంకో తాళం కొనుక్కోవచ్చని మజర్ అన్నాడు. కాని ఆ షట్టరు కొక్కెం పాతది, లావుది. దానికి ఆ తాళమే పడుతుంది. వినోద అత్తను తీసుకొచ్చి దుకాణం ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టింది. రాత్రికి వినోద భర్త మొగిలయ్య, బస్సు డ్యూటీ దిగి వచ్చి, ఖాకీ చొక్కాతోనే లోపల పడుకున్నాడు. మర్నాడు పగలంతా మళ్లీ భద్రమ్మే. సందులో వచ్చిపోయేవాళ్లు ఆగి అడిగారు. అడిగిన ప్రతి ఒక్కరికీ భద్రమ్మ ఓపిగ్గా జవాబిచ్చింది.

"మా కోడలు రెక్కకు తాళం ఏసింది. దుకాణానికి నన్ను ఏసింది."

ఆ రెండు రోజులూ మజర్ తన దుకాణం నుంచి ఫ్యాను తెచ్చి పెడతానన్నా వినోద వద్దంది. కిటికీలు తెరిచి ఉంచింది. చీరల పని చేసుకుంటూ మధ్యమధ్య స్టాండు దగ్గరికి పోయి అంచును చెంపకు ఆనించి చూసేది. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టు. చల్లదనం పూర్తిగా పోయాక కూడా ఒక పూట ఆగింది. తర్వాత కింద చెయ్యి పెట్టి తాళం తీసింది.

అంచు వెనక్కి తిరిగింది. తిరుగుతూ వచ్చింది. ఆమె దాన్ని చూడకుండా, క్లిప్పులు తీసి, తీసుకుపోయి కౌంటరు అద్దం మీద పెట్టింది. ఒక మూల నొక్కింది. రెండో మూల నొక్కింది. మూడో మూల, నాలుగో మూల. చప్పుడు లేదు. వంగి, అద్దం మట్టానికి కన్ను తెచ్చి చూసింది. చెక్కకూ అద్దానికీ నడుమ సందు ఎక్కడా లేదు.

మజర్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆమె ముఖం చూసి జోకు వేయలేదు. ఫిలిం చుట్ట అందించాడు.

ఈసారి ముందుగా రెండు కొసలూ మూసింది. తర్వాత కింది పసుపు, తర్వాత పైన రాణి రంగు. ఇస్త్రీపెట్టె వేడిని కాస్త తగ్గించి, రెండు పక్కలా ఒకే లెక్కన నడిపింది. కొత్త కీళ్లు పెట్టి రెక్కకు బిగించింది. రిమోట్‌లో ట్రిమ్‌ను నడిమికి తెచ్చింది. తాళం మళ్లీ షట్టరుకు పడింది. భద్రమ్మ ఇంటికి పోయి, ఆదివారం తానూ వస్తానంది. ఇంత కాపలా కాసిన తర్వాత అది ఎగురుతుందో లేదో చూడకుండా ఉండేది లేదంది.

ఆదివారం మబ్బు పట్టింది, గాలి అంతగా లేదు. చెరువు కట్ట మీద చేపలవాళ్లు అప్పుడే వలలు సరిచేసుకుంటున్నారు. తూము గేట్లకు కొత్త రంగు. రాంప్రసాద్ విమానాన్ని చేతిలోకి తీసుకుని ఎడమ రెక్క కొసను కంటికి దగ్గరగా పెట్టాడు. కుడి రెక్కను చూశాడు. మళ్లీ ఎడమదాన్ని చూశాడు. అంచును వేళ్లతో పైకీ కిందికీ ఆడించాడు. తిరిగి ఇచ్చి, వైరు తగిలించాడు. అంతే.

విమానం నేల మీద పరుగెత్తి లేచింది. ఆమె పుల్లను నడుమ వదిలేసి చూసింది. అది ఎటూ ఒరగలేదు. గీత గీసినట్టు కట్ట వైపు పోయింది. తిప్పింది. తిరిగింది. దించేటప్పుడు రాంప్రసాద్ బొటనవేలు మీట మీదే ఉంది. ఆమెకు అది కనిపిస్తూనే ఉంది. ఆ వేలు కదలలేదు. చక్రాలు నేలను తాకి, దుమ్ము లేపి, ఆగాయి.

ఆయన వంగి వైరు పీకి, చుట్ట చుట్టి జేబులో పెట్టుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. ఆమె కొత్త బ్యాటరీ పెట్టింది.

ఈసారి పక్కన ఎవరూ లేరు. విమానం లేచింది. అదే విమానం, అదే పుల్ల, కాని ఇప్పుడు దాన్ని పట్టుకుని ఉన్నది ఆమె ఒక్కతే. ఆకాశంలో రాణి రంగు, అది ఒరిగితే పసుపు, మళ్లీ రాణి రంగు. ఆమె చేతులు చీరను రూళ్ల మధ్యకు పంపేటప్పుడు ఎంత నెమ్మదిగా ఉంటాయో అంత నెమ్మదిగా ఉన్నాయి. కట్ట చివరిదాకా పోనిచ్చింది. తిప్పింది. వేగం తగ్గించింది. దించడానికి తెచ్చింది.

అప్పుడే తుమ్మల చాటు నుంచి బర్రెల మంద నేల మీదికి వచ్చింది. సరిగ్గా దిగే చోటికి.

"అక్కా, బర్రెలు" అన్నాడు మజర్. 

విమానం అప్పటికే చాలా కిందికి వచ్చింది, చాలా నెమ్మదిగా ఉంది. పోయిన వారం ఎడమ రెక్క పడిపోయింది సరిగ్గా ఈ వేగంలోనే. ఇప్పుడు దాన్ని మళ్లీ పైకి ఎత్తాలి. ఎత్తితే రెక్క గాలిని పట్టుకోవాలి, లేకపోతే పడిపోవాలి. రెండిట్లో ఏదో ఒకటి. మీట నొక్కడానికి వైరు లేదు. ఆమె మోటారు వేగం పెంచి, పుల్లను మెల్లగా వెనక్కి లాగింది.

విమానం ఒక్క క్షణం గాల్లో ఆగినట్టు ఉంది. రెండు రెక్కలూ నేలకు సమానంగా నిలబడ్డాయి. ఎడమది పడలేదు. ముక్కు లేచింది. పెద్ద బర్రె కొమ్ముల మీదుగా రెక్కల పసుపు జారిపోయింది. అది తలెత్తి కూడా చూడలేదు.

విమానం ఎక్కింది. ఇంకా ఎక్కింది.  మజర్ నోట ఉర్దూలో ఏదో ప్రార్థన సగంలో ఆగి, నవ్వుగా మారింది.

భద్రమ్మ అప్పటికే లేచింది. కాలి చెప్పు చేతిలో పట్టుకుని, కొంగు నడుముకు చుట్టి, బర్రెల వైపు నడుస్తున్నది. కాపరిని పేరు తెలియకపోయినా పిలుస్తున్నది, వాడి తాతను కూడా పిలుస్తున్నది. మంద కదిలింది. తొందరేమీ లేకుండా, తోకలు ఆడించుకుంటూ, తూము వైపు పోయింది. నేల ఖాళీ అయింది.

వినోద విమానాన్ని కట్ట మీదుగా మళ్లీ తిప్పి తెచ్చింది. వేగం తగ్గించింది. తిన్నగా వస్తున్నది. దానికి ఎదురుగా భద్రమ్మ, చెప్పు చేతిలోనే, పక్కకు జరిగి నిలబడింది. చక్రాలు నేలను తాకాయి. ఒకసారి ఎగిరి, మళ్లీ తాకి, పరుగెత్తి, పరుగు నడకై, భద్రమ్మకు కాస్త దూరంలో ఆగాయి.

బృందమంతా అరిచింది. చేపలవాళ్లు కట్ట మీద నుంచి ఈల వేశారు. వినోద రిమోట్‌ను రెండు చేతులతో పట్టుకుని అట్లాగే నిలబడింది.  

రాంప్రసాద్ దగ్గరికి వచ్చాడు.

"నేనైతే బర్రెల మీద కూలగొడుదును" అన్నాడు. ఆయన నోట అంతకన్నా పెద్ద మాట ఎవరూ వినలేదు.

భద్రమ్మ విమానం దగ్గరికి పోయి, తొక్కకుండా చుట్టూ తిరిగి చూసింది. చిటికెన వేలితో ఎడమ అంచును ముట్టింది. అది ఆడింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇంతసేపు అంత పైన తిరిగింది ఇదేనా అన్నట్టు కోడలి వైపు చూసింది.

"ఇదేనానే? ఇంత తేలిగ్గున్నది?"

"ఇదే అత్తా."

మజర్ బ్యాగులోంచి ఒక బ్యాటరీ తీశాడు. రేపు పొద్దున కాలువ తలుపులు లేస్తాయి. ఎల్లుండికి ఈ నేల మీద నీళ్లుంటాయి. బృందంలో ఇంకా ఎగరాల్సినవాళ్లు ఉన్నారు, వాళ్ల విమానాలు వరసగా ఎదురుచూస్తున్నాయి. మజర్ తన వంతు బ్యాటరీని ఆమె ముందు పెట్టాడు.

"అక్కా, ఫుల్ ఉన్నది. జల్ది లేపు."

ఆమె వద్దనలేదు. బ్యాటరీ పెట్టి, మూత బిగించి, విమానాన్ని గాలికి ఎదురుగా నిలబెట్టింది. భద్రమ్మను ఇటు రమ్మని చెయ్యి ఊపింది. భద్రమ్మ కదల్లేదు. అక్కడి నుంచే బాగా కనిపిస్తుందంది. వినోద మోటారు పుల్లను మెల్లగా ముందుకు తోసింది. విమానం దుమ్ములో పరుగెత్తి, అత్త పక్క నుంచి, రెండు రెక్కలూ సమానంగా, లేచింది.